రక్తంలో ఆల్కహాలు గాఢత – రహదారి భద్రత: దక్షిణాంధ్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మద్యం సేవించి వాహనం నడపడాన్ని నేరంగా నిర్ధారించేటప్పుడు చట్టం ఆధారపడే ప్రధాన కొలమానం రక్తంలో ఆల్కహాలు గాఢత. భారతదేశంలో ఈ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఈ సంఖ్య శరీరంలో ఎలా ఏర్పడుతుంది, ఎంతకాలం నిలుస్తుంది, శ్వాసపరీక్ష దాన్ని ఎలా అంచనా వేస్తుంది, న్యాయస్థానాలు దాన్ని ఎలా స్వీకరించాయి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆంధ్రదేశంలో వాడుకలో ఉన్న మద్యపు కొలతలను లెక్కకు తీసుకుని, తాగినవాని స్వీయానుభూతికీ రక్తంలోని వాస్తవానికీ నడుమ ఉన్న దూరాన్ని పరిశీలిస్తుంది. సంఖ్య చెప్పగలిగినదాన్నీ, దాని పరిధిలోకి రానిదాన్నీ వేరుచేసి చూపడం దీని లక్ష్యం.

కీలకపదాలు: రక్తంలో ఆల్కహాలు గాఢత, విద్‌మార్క్ సూత్రం, శ్వాసపరీక్ష, మోటారు వాహనాల చట్టం, రహదారి భద్రత, సారా వ్యతిరేకోద్యమం.

1. ఉపోద్ఘాతం:

2019 జులై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో చంద్రయాన్–2 ప్రయోగాన్ని, నిర్ణీత సమయానికి 56 నిమిషాల 24 సెకన్ల ముందు నిలిపివేశారు. వాహకనౌకలో సాంకేతిక లోపం ఉన్నట్టు కొలతలు సూచించాయి. లోపాన్ని సరిదిద్దిన తరువాత జులై 22న ప్రయోగం విజయవంతంగా జరిగింది. పరికరం చూపిన విలువ హద్దు దాటితే దేశమంతా ఎదురుచూస్తున్న ప్రయోగమైనా ఆగిపోవలసిందే అన్నది ఆ కేంద్రపు క్రమశిక్షణ.

ఆ దీవి నుంచి పులికాట్ సరస్సును దాటి పడమరకు సుమారు 18 కిలోమీటర్లు వస్తే సూళ్లూరుపేట. చెన్నై, నెల్లూరు నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి అక్కడే ఎదురవుతుంది. లారీలు, బస్సులు, యాత్రికుల కార్లు, పల్లెల నుంచి వచ్చే ద్విచక్రవాహనాలు రాత్రింబవళ్ళు తిరిగే మార్గమది. ఆ దారిలో వాహనం నడపడానికి తాను తగిన స్థితిలో ఉన్నానా లేదా అనే నిర్ణయం చాలాసార్లు కొలతను బట్టి జరగదు. ‘నాకేం కాలేదు, బాగానే ఉన్నాను’ అనే అనుభూతిని బట్టి జరుగుతుంది. మద్యం మొట్టమొదట దెబ్బతీసేది ఆ అనుభూతిని ఇచ్చే వివేచననే. కనుక తాగినవాడు తన స్థితికి తానే సాక్షిగా నిలవలేడు. బయటి కొలమానం అవసరమయ్యేది ఇక్కడే.

2. గాఢత – కొలమానాలు:

రక్తంలో ఆల్కహాలు గాఢత అంటే నిర్ణీత పరిమాణం గల రక్తంలో ఉన్న ఇథైల్ ఆల్కహాలు ద్రవ్యరాశి. భారతీయ చట్టం దీన్ని 100 మిల్లీలీటర్ల రక్తంలో మిల్లీగ్రాములుగా చెబుతుంది. అమెరికాలో శాతంగా రాస్తారు; అక్కడి 0.08 శాతం మన లెక్కలో 80 మిల్లీగ్రాములు. ఐరోపాలోని పలు దేశాల్లో లీటరు రక్తానికి గ్రాములుగా చెబుతారు; అక్కడి 0.5 మన 50కి సమానం. న్యాయస్థాన తీర్పులు, వైద్య నివేదికలు, పత్రికావార్తలు వేర్వేరు కొలమానాలను వాడుతున్నందువల్ల, వాటిని పోల్చే పరిశోధకుడు మొదట అన్నింటినీ ఒకే కొలమానంలోకి మార్చుకోవాలి.

పరిమితులు కూడా దేశాన్ని బట్టి మారతాయి. 1936లో నార్వే 50 మిల్లీగ్రాముల పరిమితిని చట్టబద్ధం చేసింది. బ్రిటన్ 1967 నాటి రహదారి భద్రతా చట్టంతో 80ని స్వీకరించింది. స్కాట్లండు 2014లో దాన్ని 50కి తగ్గించుకుంది. స్వీడన్‌లో పరిమితి 20. భారతదేశపు 30 మిల్లీగ్రాముల హద్దు వీటిలో కఠినమైన వాటి సరసన నిలుస్తుంది. ఉన్నత విద్యకోసం అమెరికాకో బ్రిటన్‌కో వెళ్ళిన తెలుగు విద్యార్థి అక్కడి హద్దును మనసులో పెట్టుకుని స్వస్థలంలో వాహనం ఎక్కితే, అక్కడ చట్టబద్ధమైన స్థితి ఇక్కడ నేరమవుతుంది.

3. శరీరంలో ఆల్కహాలు ప్రయాణం:

ఆల్కహాలుకు అన్నంలాగా జీర్ణం కావలసిన అవసరం లేదు. అది చిన్న అణువు. నీటిలో సులభంగా కలుస్తుంది. కొంతభాగం జీర్ణాశయపు గోడల నుంచీ, అధికభాగం చిన్నప్రేగు నుంచీ నేరుగా రక్తంలోకి చేరుతుంది. ఖాళీ కడుపుతో తాగితే త్వరగా చిన్నప్రేగును చేరి గాఢత వేగంగా పెరుగుతుంది. భోజనం చేసి తాగితే జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది కనుక గరిష్ఠస్థాయి తగ్గుతుంది, ఆలస్యంగా వస్తుంది. సాధారణంగా తాగడం ముగిసిన అరగంట నుంచి గంటన్నర లోపు ఆ గరిష్ఠస్థాయి కనిపిస్తుంది. చివరి పెగ్గు తాగిన వెంటనే బండి ఎక్కినవాడు బయలుదేరినప్పటికంటే దారి మధ్యలో ఎక్కువ మత్తులో ఉండటానికి కారణమిదే.

రక్తంలో చేరిన ఆల్కహాలు శరీరంలోని నీరంతటా వ్యాపిస్తుంది; కొవ్వులో దాదాపు కలవదు. స్త్రీల శరీరంలో నీటిశాతం సగటున తక్కువ కనుక, ఒకే బరువుగల స్త్రీపురుషులు ఒకే పరిమాణం తాగినా స్త్రీ రక్తంలో గాఢత ఎక్కువగా ఉంటుంది.

విసర్జన ప్రధానంగా కాలేయంలో జరుగుతుంది. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా, మరొక ఎంజైము దాన్ని ఎసిటేట్‌గా మారుస్తాయి. చెమట, మూత్రం, శ్వాసల ద్వారా బయటికి పోయేది స్వల్పం. కొద్దిపాటి ఆల్కహాలుతోనే ఈ ఎంజైములు తమ పూర్తి సామర్థ్యానికి చేరుకుంటాయి. ఆపైన ఎంత ఉన్నా గంటకు ఇంత అనే స్థిరమైన వేగంతోనే పని సాగుతుంది. సగటున ఆ వేగం గంటకు 15 మిల్లీగ్రాములు. వ్యక్తిని బట్టి 10 నుంచి 20 వరకు, నిత్యం తాగేవారిలో అంతకంటే ఎక్కువగా కూడా ఉంటుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం వంటి ఉపాయాలు మెలకువ తెప్పించవచ్చు, దాహం తీర్చవచ్చు. కాలేయపు వేగాన్ని మాత్రం పెంచలేవు. తాగినదాన్ని తగ్గించేది కాలం ఒక్కటే.

4. విద్‌మార్క్ సూత్రం – క్వార్టర్ లెక్క:

స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విద్‌మార్క్ 1932లో వెలువరించిన గ్రంథంలో ఈ ప్రక్రియను ఒక సూత్రంగా క్రోడీకరించాడు. తాగిన ఆల్కహాలు బరువును, దేహబరువుతో ఒక గుణకాన్ని హెచ్చించగా వచ్చిన విలువతో భాగించి, గడిచిన కాలానికి తగిన విసర్జనను తీసివేస్తే గాఢత తెలుస్తుంది. ఆ గుణకం పురుషులకు సగటున 0.68, స్త్రీలకు 0.55.

ఈ సూత్రాన్ని తెలుగునాట వాడుకలో ఉన్న కొలతలకు అన్వయిస్తే విషయం స్పష్టపడుతుంది. భారతదేశంలో తయారయ్యే విస్కీ, బ్రాందీ వంటి మద్యాల్లో ఆల్కహాలు సాధారణంగా ఘనపరిమాణంలో 42.8 శాతం. ఆల్కహాలు సాంద్రత మిల్లీలీటరుకు 0.789 గ్రాములు. ఈ లెక్కన:

– 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది.
– ‘నైంటీ’ అని పిలిచే 90 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాములు.
– 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో సుమారు 61 గ్రాములు.
– 5 శాతం ఆల్కహాలుగల 650 మిల్లీలీటర్ల బీరుసీసాలో సుమారు 26 గ్రాములు.

65 కిలోల బరువున్న పురుషుడు ఖాళీ కడుపుతో వీటిని తాగితే, విసర్జనను లెక్కించకముందు అతని గాఢత పెగ్గుకు 23, నైంటీకి 69, క్వార్టర్‌కు 138, బీరుసీసాకు 58 మిల్లీగ్రాములు అవుతుంది. 50 కిలోల స్త్రీ విషయంలో ఒక్క పెగ్గుకే అది 37కు చేరుతుంది. విద్‌మార్క్ లెక్క 100 గ్రాముల రక్తానికి సంబంధించినది. చట్టం చెప్పే 100 మిల్లీలీటర్లకు మారిస్తే ఈ విలువలు దాదాపు 5 శాతం పెరుగుతాయి.

దీన్నిబట్టి రెండు ప్రచారాలు తేలిపోతాయి. ‘ఒక బీరుకు ఏమీ కాదు’ అన్నది మొదటిది. సగటు పురుషుడి విషయంలో ఆ సీసా ఒక్కటే చట్టపరిమితిని దాటించగలదు. ‘రెండు పెగ్గుల వరకు పరవాలేదు’ అన్నది రెండవది; తక్కువ బరువుగల వ్యక్తికి ఆ ‘వరకు’ మొదటి పెగ్గులోనే ముగిసిపోవచ్చు.

ఈ లెక్కలన్నీ సీసాపై ముద్రించిన శాతం నిజమన్న నమ్మకంమీద నిలిచినవి. తాటికల్లు, ఈతకల్లు గంటలు గడిచేకొద్దీ పులుస్తాయి కనుక ఉదయపు కల్లు, సాయంకాలపు కల్లు ఒకటి కావు. నాటుసారాకు ముద్రిత శాతమే ఉండదు. 2025 అక్టోబరులో, ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని ములకలచెరువులో నకిలీ మద్యం తయారీకేంద్రం బయటపడింది. అటువంటి సరుకు విషయంలో సీసామీది అంకె ఏ లెక్కకూ ఆధారం కాలేదు.

5. తెల్లవారిన తరువాత:

సూత్రం వెల్లడించే అతిముఖ్యమైన విషయం కాలానికి సంబంధించినది. పై ఉదాహరణలోని పురుషుడు రాత్రి 9 గంటలకు ఒక క్వార్టర్ తాగాడనుకుంటే, గంటకు 15 చొప్పున తగ్గి అతని గాఢత 30కి దిగడానికి ఏడు గంటలకు పైగా, అంటే తెల్లవారుజామున నాలుగు దాటేవరకు పడుతుంది. పూర్తిగా సున్నా కావడానికి ఆరు గంటలు దాటుతుంది.

అదే వ్యక్తి క్వార్టర్‌న్నర, అంటే 270 మిల్లీలీటర్లు తాగితే ప్రారంభవిలువ 206. మరునాడు ఉదయం 7 గంటలకు, పది గంటల తరువాత, 56 మిల్లీగ్రాములు మిగిలే ఉంటాయి. అతడు నిద్రపోయి లేచాడు, స్నానం చేశాడు, ఇడ్లీ తిన్నాడు, ఉద్యోగానికి బయలుదేరాడు. చట్టందృష్టిలో ఇంకా మద్యం మత్తులోనే వాహనం నడుపుతున్నాడు. రాష్ట్ర రోడ్డురవాణా సంస్థ డిపోల్లో డ్రైవర్లకు విధుల్లోకి ఎక్కేముందు శ్వాసపరీక్ష చేయడం వెనుక ఉన్న తర్కమిదే. విమాన సిబ్బంది విధులకు 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదన్న భారతీయ నియమం కూడా కాలేయపు వేగాన్ని దృష్టిలో ఉంచుకున్నదే. సొంతబండిపై బయలుదేరేవానికి అటువంటి ద్వారపాలన ఏదీ లేదు.

ఈ అంకెల పరిమితిని కూడా గుర్తించాలి. విసర్జనవేగం గంటకు 10 అయితే ఆ ఉదయపు విలువ 106. 20 అయితే కేవలం 6. ఒకే పరిమాణం, ఒకే కాలం, ఒకే దేహబరువు. ఫలితం మాత్రం ఇంత విస్తృతమైన పరిధిలో మారుతుంది. కనుక సూత్రం హెచ్చరికకు పనికివస్తుంది. వ్యక్తిగత పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ‘లెక్క ప్రకారం నాది దిగిపోయింది’ అని ఎవరూ దీన్ని అనుమతిపత్రంగా వాడుకోలేరు.

6. గాఢతకూ ప్రమాదానికీ ఉన్న సంబంధం:

గాఢత 20 మిల్లీగ్రాముల ప్రాంతంలోనే ఏకకాలంలో రెండు పనులపై దృష్టి నిలిపే శక్తి తగ్గడం ఆరంభమవుతుంది. 50 వద్ద చూపును కదిలే వస్తువుపై నిలపడం, అత్యవసర పరిస్థితికి స్పందించడం మందగిస్తాయి. 80 వద్ద వేగాన్ని అదుపుచేయడం, తక్షణస్మృతి దెబ్బతింటాయి. 150 వద్ద నడకలో తూలుడు, వాంతులు సాధారణం. 300 దాటితే స్పృహ కోల్పోయే స్థితి, 400 ప్రాంతంలో ప్రాణాపాయం. ఇవి సగటు వివరణలే. అలవాటున్నవానిలో బాహ్యలక్షణాలు తక్కువగా కనిపించవచ్చు.

ఈ సంబంధాన్ని గణాంకపరంగా స్థాపించినవారిలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ ముఖ్యుడు. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో ఆయన బృందం, ప్రమాదాలకు గురైన డ్రైవర్ల గాఢతను, అవే ప్రాంతాల్లో ప్రమాదం లేకుండా ప్రయాణిస్తున్న డ్రైవర్ల గాఢతతో పోల్చింది. గాఢత పెరిగేకొద్దీ ప్రమాద సంభావ్యత సరళరేఖలా కాక నిటారుగా ఎగసిపోవడాన్ని, 150 మిల్లీగ్రాముల వద్ద అది దాదాపు 25 రెట్లకు చేరడాన్ని ఆ అధ్యయనం చూపింది.

అదే అధ్యయనంలో ఒక వింత కూడా కనిపించింది. అతిస్వల్ప గాఢతగల డ్రైవర్లకు, అసలు తాగనివారికంటే ప్రమాద సంభావ్యత కొద్దిగా తక్కువ ఉన్నట్టు గ్రాఫు సూచించింది. కొంచెం తాగితే మంచిదన్న వాదనకు ఇది చాలాకాలం ఆసరా అయింది. తాగే అలవాటు ఎంత తరచుగా ఉందన్న అంశాన్నిబట్టి డ్రైవర్లను విభజించి చూసినప్పుడు, ఏ వర్గంలోనైనా గాఢతతోపాటు ప్రమాదం పెరుగుతున్నట్టు తేలింది. భిన్నవర్గాలను ఒకే రాశిగా పోసి సగటు తీయడంవల్ల పుట్టిన భ్రమ అది. గణాంకాలను ఆధారం చేసుకునే ఏ శాస్త్ర పరిశోధకుడికైనా ఇది గుర్తుంచుకోదగిన పాఠం.

అనుభూతి ఎందుకు మోసగిస్తుందో ఎడ్వర్డ్ మెలన్‌బీ 1919లోనే గమనించాడు. గాఢత పెరుగుతున్న దశలో కనిపించే మత్తు, అదే గాఢత తరుగుతున్న దశలో కనిపించదు. 70 మిల్లీగ్రాముల వద్ద పైకి ఎక్కుతున్నవాడు తాను తాగి ఉన్నానని తెలుసుకుంటాడు. 138 నుంచి 70కి దిగుతున్నవాడు తనకు మత్తు దిగిపోయిందనుకుంటాడు. ఇద్దరి రక్తంలోనూ ఉన్నది ఒకటే. తూలుడు తగ్గి ధైర్యం పెరిగే ఈ రెండవ దశలోనే చాలామంది తాళంచెవి అందుకుంటారు. ద్విచక్రవాహనంపై ఈ భ్రమకు మూల్యం మరింత ఎక్కువ; అక్కడ దారిని చూడటంతోపాటు బండిని నిలబెట్టే సమతౌల్యం కూడా మెదడు నిర్వహించవలసిన పని.

7. శ్వాస నుంచి రక్తానికి:

రోడ్డుపై పోలీసులు కొలిచేది నేరుగా రక్తాన్ని కాదు. ఊపిరితిత్తుల లోతుల్లో రక్తానికీ గాలికీ మధ్య ఆల్కహాలు ఒక నిర్దిష్ట నిష్పత్తిలో పంచుకోబడుతుంది. 2100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉన్న ఆల్కహాలు ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నదానికి సమానమన్నది పరికరాలు అంగీకరించిన నిష్పత్తి. దీని ప్రకారం భారతీయ చట్టపు 30 మిల్లీగ్రాముల హద్దు, లీటరు శ్వాసలో సుమారు 0.14 మిల్లీగ్రాములు మాత్రమే.

అమెరికాలో రోలా హార్గర్ 1930లలో ‘డ్రంకోమీటర్’ను రూపొందించాడు. బోర్కెన్‌స్టైన్ 1954లో మరింత సులభమైన ‘బ్రెతలైజర్’ను తెచ్చాడు, అందులో పసుపురంగు పొటాషియం డైక్రోమేట్ ద్రావణం ఆల్కహాలు సోకి రంగు మారేది. నేడు చేతిలో ఇమిడే పరికరాల్లో అధికంగా ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఆల్కహాలు ఆక్సీకరణం చెందినప్పుడు పుట్టే విద్యుత్తును అది కొలుస్తుంది.

2100 అనే నిష్పత్తి సగటు మాత్రమే. వ్యక్తిని బట్టి, దేహ ఉష్ణోగ్రతను బట్టి, ఊదే తీరును బట్టి మారుతుంది. అంతకంటే పెద్ద సమస్య నోటిలో నిలిచిన ఆల్కహాలు. అప్పుడే తాగినా, ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్‌తో పుక్కిలించినా, వాంతి చేసుకున్నా పరికరం అసలు విలువకంటే ఎక్కువ చూపగలదు. సుమారు 15 నిమిషాలు ఏమీ తాగకుండా, తినకుండా వేచి మళ్ళీ పరీక్షిస్తే ఈ దోషం తొలగిపోతుంది. పరికరాన్ని నియతకాలంలో ప్రామాణీకరించడం, రెండుసార్లు ఊదించడం, విలువను ముద్రించి భద్రపరచడం అనే మూడు జాగ్రత్తలు సాక్ష్యానికి బలమిస్తాయి. ఇవి నిందితుడి హక్కును ఎంతగా కాపాడతాయో, నేరం రుజువయ్యే అవకాశాన్నీ అంతగానే కాపాడతాయి.

8. రక్తనమూనా – మరణోత్తర పరీక్ష:

ప్రయోగశాలలో హెడ్‌స్పేస్ గ్యాస్ క్రొమటోగ్రఫీ విధానం రక్తంలోని ఇథైల్ ఆల్కహాలును ఇతర ద్రావణాల నుంచి వేరుచేసి కొలుస్తుంది. నమూనా తీసేచోటే జాగ్రత్త మొదలు కావాలి. సూదిగుచ్చే చోట చర్మాన్ని స్పిరిటుతో తుడవకూడదు. సీసాలో సోడియం ఫ్లోరైడు, పొటాషియం ఆక్సలేటు ఉండాలి. మొదటిది సూక్ష్మజీవుల చర్యను, రెండవది రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకుంటాయి. ఆసుపత్రి ప్రయోగశాలలు తరచుగా సీరంను పరీక్షిస్తాయి. అందులో నీరు ఎక్కువ కనుక విలువ సంపూర్ణ రక్తంకంటే అధికంగా వస్తుంది. చికిత్సకోసం చేసిన ఆ పరీక్షను సవరించకుండా నేరవిచారణకు వాడితే అన్యాయం జరిగే ప్రమాదముంది.

మృతదేహం విషయంలో సమస్య మరింత జటిలం. కుళ్ళడం మొదలైన దేహంలో సూక్ష్మజీవులు స్వయంగా ఆల్కహాలును ఉత్పత్తి చేస్తాయి. వేసవిలో, శీతలీకరణ లేనిచోట ఈ ప్రక్రియ వేగవంతం. అందుకే గుండె ప్రాంతం నుంచి కాక తొడభాగపు సిర నుంచి రక్తాన్ని, దానితోపాటు కంటిలోని విట్రియస్ ద్రవాన్ని సేకరించి రెండింటినీ పోల్చి చూస్తారు. మరణించిన వ్యక్తి తాగి ఉన్నాడా లేదా అనే ప్రశ్న మీద కొన్నిసార్లు ఒక కుటుంబానికి రావలసిన పరిహారం, ఆ వ్యక్తి జ్ఞాపకానికి దక్కవలసిన గౌరవం ఆధారపడి ఉంటాయి.

9. చట్టం – న్యాయస్థానాలు:

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షను మొదట రక్తంలో ఎంత స్వల్పంగానైనా ఆల్కహాలు ఉండటాన్ని నేరంగా పేర్కొంది. 1994 సవరణ దాని స్థానంలో 30 మిల్లీగ్రాముల హద్దును పెట్టింది. 2019 సవరణ శిక్షను పెంచింది: మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ, మరల చేస్తే రెండు సంవత్సరాల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 202వ సెక్షను ప్రకారం ఈ నేరానికి అరెస్టు చేసిన వ్యక్తిని రెండు గంటలలోపు వైద్యపరీక్షకు గురిచేయాలి, లేనిపక్షంలో విడిచిపెట్టాలి. గంట గంటకూ తరిగిపోయే సాక్ష్యానికి కాలపరిమితి ఎందుకో విసర్జన సిద్ధాంతం తెలిసినవారికి వేరే చెప్పనవసరంలేదు.

బచూభాయి హసనల్లీ కర్యానీ వర్సెస్ మహారాష్ట్ర రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 1971లో ఇచ్చిన తీర్పు ఈ రంగంలో మైలురాయి. నోటి నుంచి వాసన రావడం, నడక తడబడటం, కనుపాపలు విప్పారడం, మాట తొట్రుపడటం వంటి లక్షణాలు మద్యం మత్తును రుజువు చేయడానికి చాలవని, రక్తపరీక్ష అవసరమని ఆ తీర్పు సారాంశం. 2021లో ఇఫ్కో టోకియో బీమా సంస్థకూ పెర్ల్ బెవరేజెస్‌కూ మధ్య వ్యాజ్యంలో అదే న్యాయస్థానం మరొక కోణాన్ని స్పష్టం చేసింది. బీమా ఒప్పందంలోని మినహాయింపు విషయంలో, రక్తపరీక్ష ఫలితం లేకపోయినా ప్రమాదపు తీరు, ఇతర పరిస్థితులను బట్టి డ్రైవరు మద్యం ప్రభావంలో ఉన్నాడని నిర్ధారించవచ్చునని పేర్కొంది.

ఈ రెండు తీర్పులు పరస్పరం విరుద్ధమైనవి కావు. నేరవిచారణలో వ్యక్తిస్వేచ్ఛ పణంగా ఉంటుంది. నిరూపణభారం అందుకు తగినట్టు ఉంటుంది. ఒప్పంద వివాదంలో సంభావ్యతల తూకం చాలు. సంఖ్య ఒకటే అయినా, అడిగే ప్రశ్నను బట్టి దాని అనివార్యత మారుతుంది. వాహనదారుడి కోణంలో దీని అర్థం స్పష్టం: పరీక్ష జరగనందువల్ల శిక్ష తప్పించుకున్నా, ధ్వంసమైన వాహనానికి బీమాసొమ్ము దక్కుతుందన్న హామీ లేదు.

10. చిన్నటేకూరు దుర్ఘటన – ఒక సంఖ్య, అనేక కారణాలు:

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించారు. బస్సు రాకముందే ఒక ద్విచక్రవాహనం అదుపుతప్పి, దాన్ని నడుపుతున్న యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. రోడ్డుపై పడి ఉన్న ఆ బండిని బస్సు ఢీకొని ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. ద్విచక్రవాహనదారుడు మద్యం సేవించినట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు వెల్లడించారు.

ఈ ఘటన రెండు విషయాలను ఒకేసారి బోధిస్తుంది. తాగి నడిపేవాడు తన ప్రాణంతోనే ఆడుకుంటున్నాడన్న ఉదాసీనత నిలవదు. ఆ రాత్రి బస్సులో నిద్రిస్తున్నవారెవరూ అతన్ని చూడనైనా లేదు. రెండవది, గాఢత కారణాల గొలుసులో ఒక లంకె మాత్రమే. పడిపోయిన వాహనం చీకటిలో రోడ్డు మధ్య ఉండిపోవడం, వెనుక వచ్చే డ్రైవరు దాన్ని సకాలంలో గుర్తించలేకపోవడం, మంటలు అంటుకున్న బస్సు నుంచి బయటపడే మార్గాలు చాలకపోవడం వేర్వేరు ప్రశ్నలు. రక్తపరీక్ష మొదటి లంకెను చూపింది. అది దొరికింది కనుక మిగిలిన లంకెల విచారణ అనవసరమనుకుంటే ఆ సంఖ్య సత్యాన్ని వెలికితీయడానికి బదులు కప్పిపుచ్చడానికి పనికివస్తుంది.

11. సంఖ్యకు అందనిది:

శ్రీహరికోట 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరింది. అంతకుముందు అది నెల్లూరు జిల్లాలో భాగం. 1992లో అదే జిల్లాలోని దూబగుంటలో మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అక్షరాస్యతా తరగతులు వారిని ఒకచోట చేర్చాయి. రోశమ్మ ఆ ఉద్యమానికి ప్రతీక అయ్యారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. రెండవదాన్ని 1997లో సడలించారు.

దూబగుంట మహిళలు ఎవరి రక్తాన్నీ పరీక్షించలేదు. ఇంటికి చేరని కూలిడబ్బులు, పొయ్యిమీదికి ఎక్కని ఎసరు, రాత్రిపూట తిన్న దెబ్బలు వారికి కొలమానాలు. గాఢత ఒక వ్యక్తి ఒక క్షణంలో ఏ స్థితిలో ఉన్నాడో చెబుతుంది. అతడు వ్యసనపరుడా, మొదటిసారి తాగినవాడా, ఎవరి డబ్బుతో తాగాడు, ఇంటిలో ఎవరు ఎదురుచూస్తున్నారు అన్నవాటికి అందులో జవాబు లేదు. 28 మిల్లీగ్రాములు చూపిన వ్యక్తి చట్టం కంటికి నిర్దోషి. అది అతని ఇంటి క్షేమానికి ధ్రువపత్రం కాదు. రహదారి భద్రతనూ కుటుంబ భద్రతనూ ఒకే సంఖ్యతో కొలవాలనుకునే విధానం రెండింటిలో ఒకదాన్ని తప్పక విస్మరిస్తుంది.

12. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. తాగినవాని స్వీయానుభూతి విశ్వసనీయ సాక్ష్యం కాదు. గాఢత తరిగే దశలో మత్తు దిగినట్టు అనిపించడం శాస్త్రీయంగా గుర్తించిన భ్రమ.
2. విసర్జనవేగం స్థిరమైనది, నెమ్మదైనది. రాత్రి తాగిన మద్యం మరునాటి ఉదయపు ప్రయాణాన్ని కూడా నేరపరిధిలోకి తేగలదు.
3. విద్‌మార్క్ సూత్రం సగటు మనిషికి సంబంధించినది. అది హెచ్చరించడానికి ఉపకరిస్తుంది; వ్యక్తికి అనుమతి ఇవ్వడానికి కాదు.
4. శ్వాసపరీక్ష, రక్తపరీక్షల విలువ అవి జరిగిన పద్ధతిమీద ఆధారపడుతుంది. నిరీక్షణ, ప్రామాణీకరణ, నమూనా సంరక్షణ లోపిస్తే నిర్దోషికి శిక్ష పడవచ్చు, దోషి తప్పించుకోవచ్చు.
5. ఒక దుర్ఘటనలో గాఢతను గుర్తించడం విచారణకు ఆరంభం. దానితోనే విచారణ ముగిసిపోరాదు.
6. మద్యం కుటుంబంపై, శ్రమపై, స్త్రీల జీవితంపై చూపే ప్రభావం ఈ కొలమానం పరిధికి వెలుపలిది. దానికి సామాజికశాస్త్ర పద్ధతులు అవసరం.

తెలుగు కళాశాలల్లో రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం, న్యాయశాస్త్రం, సామాజికశాస్త్రం వేర్వేరు గదుల్లో బోధించబడుతున్నాయి. ఒక క్వార్టర్ సీసా లెక్క ఆ నాలుగింటినీ ఒకచోటికి తెస్తుంది. పద్దెనిమిదేళ్లకు లైసెన్సు చేతికందే విద్యార్థికి ఆ లెక్కను తరగతిగదిలోనే చేసి చూపగలిగితే, రహదారిపై పరికరం చూపే అంకె అతనికి కొత్తదిగా ఉండదు.